త్వర యెంత? దూర మెంత?

(రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



ఉన్నత పాఠశాలలో రసాయన శాస్త్రము చదువు బాలబాలికలకు రెండు పాఠములు వెంటవెంటనే వచ్చును. మొదటిది చర్యావేగము, రెండవది ద్విగత చర్యలు, సమతాస్థితి. పరీక్ష ముగిసిన పిమ్మట ఈ రెండును కలగాపులగమై, ‘వేడి చేసినచో చర్య బాగుగ జరుగును’ అను నొక్క ముక్క మాత్రము తలలో నిలుచును. ఆ ముక్క సగము సత్యము. తక్కిన సగము తెలియక ఇనుము కరగించు వర్తకులు విస్తారమైన ధనము వ్యర్థపుచ్చుకొనిరి. ‘ఎంత త్వరగా జరుగును?’ అనునది ఒక ప్రశ్న. ‘ఎంతవరకు జరుగును?’ అనునది వేఱొక ప్రశ్న. మొదటిదానికి చెప్పిన మందు రెండవదానికి పనిచేయదు. ఒక్కొక్కప్పుడు వికటించును గూడ. ఈ ప్రసంగమున కంతకును విషయ మిదియే.

ముందు త్వర సంగతి. ఇనుప మేకు తడిసి త్రుప్పు పట్టుటకు దినములు కావలెను. తూటామందు నిప్పు తగిలిన క్షణముననే ప్రేలును. ఈ భేదమును కంటి అంచనానుండి కొలతలోనికి తెచ్చినవాడు జర్మనీ దేశస్థుడైన విల్‌హెల్మీ. ఆయన 1850లో చెఱకు చక్కెర నీటిలో ఆమ్లము చేర్చి పరీక్షించెను. అట్లు చేర్చినచో చక్కెర క్రమక్రమముగ విడిపోయి ద్రాక్షచక్కెర, పండ్లచక్కెర యను రెండుగా మారును. ఈ మార్పు కంటికి కానరాదు. అయితే చెఱకు చక్కెర నీటిగుండ పోవు ధ్రువిత కాంతి కుడివైపునకు తిరుగును. మారిన నీటిగుండ పోవునది ఎడమవైపునకు తిరుగును. కావున ద్రవమును ముట్టకుండగనే కాంతి తిరిగిన కోణమును చూచి, చక్కెర ఎంత ఖర్చయినదో ఎంత నిల్వయున్నదో లెక్క కట్టవచ్చును. ఆయనకు తేలినదేమన: ఏ నిమిషమున ఎంత చక్కెర మిగిలియుండునో, ఆ నిమిషమున మారునది ఆ మిగులునకు తగినంతయే. అసలు తగ్గినకొలది వడ్డీ తగ్గినట్లు, చక్కెర తగ్గినకొలది చర్య మందగించును. మొదటి సగము మారుటకు ఒక గంట పట్టినచో, మిగిలిన సగములో సగము మారుటకు మఱియొక గంట పట్టును.

గాఢత పెరిగిన వేగము పెరుగుటకు కారణ మిందే యున్నది. పదార్థము నలిగినకొలది వేగము పెరుగుట వంటయింటివారికి తెలిసినదే. దుంగ అంటుకొనుటకు పట్టు కాలము రంపపు పొట్టునకు పట్టదు. ఇక వేడిమి. సామాన్యముగ 10 డిగ్రీలు హెచ్చినచో అనేక చర్యల వేగము ఇంచుమించు రెట్టింపగును. ఇంత స్వల్పమైన వేడికి అంత మార్పు ఏల? స్వీడన్ దేశపు అర్హీనియస్ 1889లో దీనికి సమాధానము చెప్పెను. అణువులు ఒకదానికొకటి తగిలినంతమాత్రమున చర్య జరుగదు. నడుమ ఒక గట్టు కలదు. దానిని దాటుటకు చాలినంత శక్తిగల అణువులు ఏ కొద్దియో యుండును. కొంచెము వేడి చేసినచో అట్టి బలవంతుల సంఖ్య మాత్రము పెక్కు రెట్లగును. బెర్జీలియస్ 1835లో పేరుపెట్టిన ఉత్ప్రేరకములు చేయు పని వేఱు. అవి అణువులకు బలము నీయవు. తక్కువ యెత్తుగల వేఱొక దారి చూపును. ఇచ్చట ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. గట్టు తగ్గినచో ఇటనుండి అటు దాటుట ఎంత సులభమగునో, అటనుండి ఇటు దాటుటయు అంతే సులభమగును.

అటనుండి ఇటు వచ్చుట కలదా యని కొందరు అడుగవచ్చును. పాలు పెరుగగును గాని పెరుగు పాలు కాదు గదా! పరిణామమును చర్చించిన వేదాంతులు ఈ తేడాను ఎఱిగినవారే. పాలు పెరుగగుటను ఒక దృష్టాంతముగను, బంగారము నగయగుటను వేఱొక దృష్టాంతముగను చెప్పిరి. నగను కరగించిన మరల బంగారమే. రసాయన చర్యలలోను ఈ రెండవ జాతి కలదు. దానికి దూరము పోనక్కఱలేదు, సున్నపు బట్టీ చాలును.

సున్నపుఱాయినిగాని నత్తగుల్లలనుగాని బొగ్గుతో పొరలు పొరలుగ పేర్చి కాల్చినచో బొగ్గుపులుసు గాలి పైకి పోయి సున్నము మిగులును. దానిపై నీరు చల్లి విరియజేసి గోడకు పూసిన తరువాత, ఆ పూత గాలిలోని బొగ్గుపులుసు గాలిని మెల్లగ పీల్చుకొని మరల ఱాయియే యగును. తాంబూలపు సున్నమును నీటిలో కలిపి తేరనిచ్చినచో, ఆ తేటమీద మఱునాటికి మీగడవలె తేలు పలుచని పొర అట్టి ఱాయియే. బట్టీలో ముందునకు, గోడమీద వెనుకకు, చర్య యొక్కటే.

అయినచో బట్టీకి పైన నోరెందులకు? పొగ పోవుటకు మాత్రమే కాదు. స్కాట్లండు దేశస్థుడైన జేమ్స్ హాల్ సుద్దను తుపాకి గొట్టములో బిగించి తీవ్రముగ కాల్చెను. గాలి బయటికి పోవు దారి లేనందున సుద్ద సున్నము కాలేదు. గట్టిపడి పాలఱాతిని పోలినదయ్యెను. ఈ ఫలితములను ఆయన 1805లో ఎడింబరో రాయల్ సొసైటీలో చదివెను. పిమ్మట 1867లో ఫ్రెంచివాడైన దెబ్రే మూసిన పాత్రలో ఈ ఱాతిని కాల్చుచు, పైకి వచ్చు వాయువు పీడనమును కొలిచెను. ఱాయి ఎంత వేసినను, సున్నమెంత మిగిలినను, ఒక్కొక్క వేడిమికి ఒక్కొక్క పీడనము మాత్రమే ఏర్పడును. వాయువును కొంత తీసివేసినచో ఱాయి మరికొంత విడిపోయి ఆ లోటును పూడ్చును. అధికముగ ఎక్కించినచో సున్నము దానిని మ్రింగి మరల ఱాయి యగును. సుమారు 900 డిగ్రీల కడ ఆ పీడనము బయటి వాతావరణ పీడనముతో సమానమగును. బట్టీలు కాల్చువారు లెక్క తెలియకయే ఈ వేడిని అందుకొనుచుండిరి. వచ్చిన వాయువును వచ్చినట్లు సాగనంపు నోరు ఉన్నంతకాలము వెనుకకు నడచు చర్యకు అవకాశ ముండదు.

ఈ విషయము మొదట తట్టినది బట్టీ యొద్ద కాదు, ఎడారిలో. 1798లో నెపోలియన్ ఈజిప్టుపై దండెత్తినపుడు వెంట వెళ్లిన పండితులలో బెర్తొలే అను రసాయనజ్ఞు డుండెను. అచ్చట నేట్రన్ చెఱువుల యొడ్డున, చౌడునేలలలో తేలు తెల్లని పొరవలె సోడా కట్టియుండుట ఆయన చూచెను. పరీక్షాగారమున సోడా నీటిలో కాల్షియం క్లోరైడు కలిపినచో సున్నపుఱాయి అడుగున దిగి, ఉప్పు నీటిలో మిగులును. చెఱువులలో కథ తలక్రిందులు. ఉప్పు అపారము, సున్నపుఱాయి అపారము; ఆ రెండును కలిసి సోడా యగుచున్నది, అది యెప్పటికప్పుడు ఒడ్డున పేరుకొని నీటినుండి తొలగుచున్నది. చర్య యెటు నడచునో నిర్ణయించునది పదార్థముల స్వభావము మాత్రమే కాదనియు, వాని రాశి గూడ ననియు బెర్తొలే గ్రహించెను. ఇంత గొప్ప మాట చెప్పి, అంతటితో ఆగక, సమ్మేళనములలోని పాళ్లు గూడ రాశినిబట్టి మారునని మఱియొక మాట చేర్చెను. ఆ రెండవ మాటను ప్రూస్ట్ ఖండించి గెలిచెను. లోకము ఓడిన మాటతోపాటు సత్యమైన మాటను గూడ అటకెక్కించినది. పండిత వివాదములలో ఇట్టి అన్యాయము తఱచు జరుగును.

ఆ అటకమీదినుండి దానిని దింపుటకు అఱువది యేండ్లు పట్టెను. 1862లో బెర్తెలో (ఈయన వేఱు, ఆ బెర్తొలే వేఱు; పేర్లు చూచి పొరబడరాదు) తన మిత్రునితో గూడి సారాయిలోని ఆల్కహాలును, పులిసిన కల్లును పుల్లజేయు ఎసిటిక్ ఆమ్లమును సమానసంఖ్యలో అణువులుండునట్లు కలిపి చూచెను. ఈ రెండు కూడి పండ్ల వాసనగల ఎస్టరు, నీరు నగును. మూడింట రెండువంతులు మారిన పిమ్మట చర్య నిలిచినట్లు కనబడెను. తరువాత ఎదుటి దెసనుండి, అనగా ఎస్టరును నీటిని కలిపి, ఆరంభించినను కడకు అదే మజిలీ. చల్లగా నుంచిన ఆ మజిలీ చేరుటకు సంవత్సరములు పట్టును. బిగించిన గొట్టములో బాగుగ కాచినచో గంటలలో చేరును. చేరిన చోటు మాత్రము ఇంచుమించు ఒక్కటే. త్వర వేఱు, దూరము వేఱు అనుటకు ఇంతకన్న తేటయైన సాక్ష్యము దొరకదు.

నిలిచినట్లు కనబడునది నిజముగ నిలిచినదా? ఒక ధాన్యపు గిడ్డంగి ననుకొనుడు. దినమునకు పది పుట్లు జమ, పది పుట్లు ఖర్చు. సాయంకాలము నిల్వ చూచినచో నిన్నటి అంకెయే. నిల్వ ఖాతా మాత్రము చూచు అధికారి ‘ఇచ్చట పని జరుగుటలేదు’ అని వ్రాసి పోవును. జమ ఖర్చుల చిట్టా తెఱచినవానికిగాని బండ్ల రాకపోకలు తెలియవు. సమతాస్థితియు అట్టిదే. ముందునకు నడచు వేగము, వెనుకకు నడచు వేగము సమానమైనవి, రెండును ఆగలేదు. ఈ మాటను గణితముగ నిలిపినవారు నార్వే దేశపు గుల్డ్‌బెర్గ్, వాగె అను తోడల్లుండ్రు. 1864లో వారు తమ భాషలో ప్రకటింపగా ఎవ్వరును చదువలేదు. 1867లో ఫ్రెంచిలో వ్రాసిరి, అంతంతమాత్రమే. 1879లో జర్మను భాషలో వ్రాసిన పిమ్మట లోకము చెవి యొగ్గెను. ఈ లోపల 1877లో వాంట్ హాఫ్ తన దారిని ఇదే నియమమునకు చేరెను. సమీకరణములలో నడుమ ఎదురెదురుగ వ్రాయు రెండు బాణపు గుర్తులు 1884లో ఆయన పెట్టినవే. రసాయనమున మొదటి నోబెల్ బహుమానము 1901లో ఆయనకే దక్కెను.

నియమము నెస్టరు లెక్కలోనే చూడవచ్చును. పుట్టిన రెండు పదార్థముల పాళ్లను గుణించి, మిగిలిన రెండింటి పాళ్ల లబ్ధముచే భాగింపవలెను. మూడింట రెండు, మూడింట రెండు పైన. మూడింట ఒకటి, మూడింట ఒకటి క్రింద. ఫలితము 4. పాళ్లు ఎట్లు మార్చి కలిపినను వేడిమి మారనంతవఱకు కడపట ఈ నాలుగు రావలెను. ఆమ్లము ఒక పాలు, ఆల్కహాలు రెండు పాళ్లు వేసి లెక్కించినచో నూటికి 67 వంతులు మారుటకు బదులు సుమారు 85 వంతుల ఆమ్లము మారునని తేలును. ఆమ్లము ఖరీదై ఆల్కహాలు చవుకయైనచో ఏమి చేయవలెనో వర్తకునకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

సమతాస్థితిలో రాకపోకలు ఆగవనుటకు ప్రత్యక్ష ప్రమాణము తరువాతి కాలమున దొరకెను. యూరీ 1931లో బరువైన ఉదజనిని కనుగొనెను. సామాన్య ఉదజనితో సమతాస్థితికి వచ్చిన అమ్మోనియా మిశ్రమమున ఈ బరువైన ఉదజనిని చేర్చి కొంతసేపుంచినచో, అమ్మోనియా మొత్తము మారకపోయినను, రెండు జాతుల ఉదజనియు కలిసిన అమ్మోనియా అణువులు అందు కనబడును. లోపల విడిపోవుట, మరల కూడుట జరుగుచున్నందుననే గదా అవి కలియగలిగినది!

ఇక ఇనుము వర్తకుల సంగతి. కొలిమిలో ఇనుపఱాతినుండి ప్రాణవాయువును లాగివేయునది కార్బను మోనాక్సైడు. కొలిమి పైనుండి పోవు వాయువులో ఇంకను చాల మోనాక్సైడు మిగిలియుండుట చూచి, ‘ఱాతితో చాలినంతసేపు కలిసియుండలేదు, అందుచేత వృథాగా పోవుచున్నది’ అని తలచి, ఇంగ్లండులో బహుధనము వెచ్చించి మిక్కిలి యెత్తైన కొలుములు కట్టిరి. మోనాక్సైడు పాలు తగ్గలేదు. వారు చూచినది సమతాస్థితి. వేసిన మందు త్వరకు వేయదగినది. ఈ ఉదంతమును చెప్పినవాడు ఫ్రెంచి రసాయనజ్ఞుడైన లె షాత్‌లియే. సమతాస్థితిలోనున్న వ్యవస్థను ఒక దిక్కునకు ఒత్తినచో, అది ఆ యొత్తిడిని తగ్గించు దిక్కునకు జరుగునని 1884లో ఆయన చెప్పిన సూత్రము నేటికిని పాఠములలో నున్నది. పీడనము హెచ్చించినచో తక్కువ చోటు పట్టు వైపునకు, వేడి చేసినచో వేడిని మ్రింగు వైపునకు జరుగును.

ఈ సూత్రమునకు అతికఠినమైన పరీక్ష అమ్మోనియా. 1898లో బ్రిస్టల్ నగరమున విలియం క్రూక్స్ ఒక హెచ్చరిక చేసెను. గోధుమ పంటకు కావలసిన నత్రజని ఎరువునకు చిలీ దేశపు నైట్రేటు నిధులే దిక్కు, అవి తఱగిపోవును, గాలిలోని నత్రజనిని లోగొననిచో ఆకలి తప్పదు అని ఆయన తాత్పర్యము. గాలిలో ఐదింట నాలుగువంతులు నత్రజనియే, కాని దాని అణువు విడదీయరానంత బిగువు గలది. ఒక పాలు నత్రజని, మూడు పాళ్లు ఉదజని కూడి రెండు పాళ్ల అమ్మోనియా యగును, వేడి వెలువడును. సూత్రము నడిగినచో పీడనము పెంచుము, వేడి తగ్గించుము అనును. వేడి తగ్గించినచో చర్య నడువదు. వేడి పెంచినచో వేగముగ నడచును గాని పుట్టిన అమ్మోనియా మరల విడిపోవును. త్వరకును దూరమునకును ఇంతటి కలహము మఱియొక చర్యలో అరుదు.

లె షాత్‌లియే తానే 1901లో దీనికి పూనుకొనెను. వాయువులలో గాలి చేరుటచే యంత్రము ప్రేలినది. ఆయన పని మానుకొనెను. తరువాత ఫ్రిట్జ్ హేబర్ కార్ల్‌స్రూహెలో ఆరంభించెను. సామాన్య పీడనమున 1000 డిగ్రీల ప్రాంతమున పదివేల పాళ్లలో సుమారు ఒక్క పాలు మాత్రమే అమ్మోనియా పుట్టెను. మఱియొకడైనచో ఖాతా మూసివేసెడివాడు. హేబర్ లెక్క కట్టి చూచెను. 200 వాతావరణముల పీడనమున, 200 డిగ్రీలలో నూటికి సుమారు 86 వంతులు. 400 డిగ్రీలలో 36. 500 డిగ్రీలలో 18. ఉత్తమమైన 86 కాగితముమీద మాత్రమే, ఏలయన ఆ వేడిలో చర్య యుగములు పట్టును. కావున ఆయన 500 డిగ్రీలకు మించిన వేడిలో దొరకు కొద్దిపాటితో తృప్తిపడి, ఆ కొద్దిని అప్పటికప్పుడు చల్లార్చి ద్రవముగ తీసివేసి, మిగిలిన వాయువును మరల యంత్రములోనికే త్రిప్పెను. సున్నపు బట్టీ నోరు చేయు పనియే ఇది. యంత్రమును నిర్మించినది ఆయన సహాయకుడు లె రొసిన్యోల్. 1909 జూలై 2వ తేదీన, పెద్ద రసాయన కర్మాగారమైన బి.ఎ.ఎస్.ఎఫ్. వారి పరిశోధకుడు మిటాష్ కండ్లయెదుట, గొట్టమునుండి ద్రవ అమ్మోనియా బొట్లు బొట్లుగ జారెను.

ఉత్ప్రేరకము ఆస్మియము, లోకమున మిక్కిలి అరుదైన లోహము. మిటాష్ వేలకొలది పరీక్షలు జరిపి, స్వీడన్ దేశపు ఒక ఇనుపఱాయి బాగుగ పనిచేయుట కనిపెట్టి, అందలి మలినములే దాని గుణమునకు కారణమని తేల్చి, ఇనుమునకు స్వల్పముగ అల్యూమినా, పొటాషు చేర్చెను. నేటికిని ఇంచుమించు అదే వాడుక. కర్మాగారపు ఇంజనీరు బాష్ నెదుర్కొన్న చిక్కు వేఱు. ఉక్కు గొట్టములు కొన్ని దినములకే పగులుచుండెను. ఉదజని ఉక్కులో చొరబడి అందలి కార్బనును హరించుటయే కారణము. లోపల మెత్తని ఇనుప తొడుగు వేసి, బయటి ఉక్కునకు సన్నని రంధ్రములు పెట్టి, చొరబడిన ఉదజని బయటికి పోవునట్లు ఆయన చేసెను. 1913లో ఒప్పావు గ్రామమున కర్మాగారము పని ప్రారంభించెను.

మఱుసటి యేడు యుద్ధము వచ్చెను. చిలీ ఓడలు ఆగిపోయిన జర్మనీకి ఈ అమ్మోనియాయే నత్రికామ్లమై, ప్రేలుడు పదార్థమై యుద్ధమును సాగించెను. హేబర్ 1915 ఏప్రిల్‌లో ఈప్ర వద్ద క్లోరిను విషవాయువును వదలు పనికి తానే పెద్దయై నిలిచెను. 1918 సంవత్సరపు నోబెల్ బహుమానమును ఆయనకు ప్రకటించినపుడు పలువురు నిరసించిరి. యూదుడగుటచే 1933లో స్వదేశమును విడిచి, 1934 జనవరిలో స్విట్జర్లండునందలి బాసెల్‌లో మరణించెను. నేడు లోకజనులలో ఇంచుమించు సగముమంది ఆహారము ఈ చర్యవలన వచ్చు ఎరువుపై ఆధారపడియున్నదని అంచనా. తెలుగునేలపై రామగుండమున 1999లో మూతపడిన ఎరువుల కర్మాగారము స్థానమున 2021లో పని మొదలిడిన క్రొత్త కర్మాగారము సంవత్సరమునకు 12.7 లక్షల టన్నుల యూరియా తయారుచేయుటకు ఏర్పడినది. ఆ యూరియాకు మూలమైన అమ్మోనియా పుట్టునది హేబర్ కుదిర్చిన ఈ రాజీమీదనే.

కడపట నొక్క సమతాస్థితి. ఇది ఎల్లర దేహములందును ఉన్నది. నెత్తుటిలోని హిమోగ్లోబిను ఊపిరితిత్తులలో ప్రాణవాయువు సమృద్ధిగ నున్నందున దానితో కూడును. కండరములలో అది కొఱవడినందున విడుచును. ద్విగత చర్య కానిచో ప్రాణవాయువు ఎక్కునే గాని దిగదు. చలికాలమున తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించువారు మరణించుటకు కారణము ఈ చర్యలోనికి కార్బను మోనాక్సైడు చొరబడుటయే. దానికి వాసన లేదు, రంగు లేదు. హిమోగ్లోబినుపై దాని పట్టు ప్రాణవాయువు పట్టుకన్న రెండువందల రెట్లకు పైబడినది. అయినను ఆ పట్టు గూడ విడువరానిది కాదు. 1895లో హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు రెండు వాతావరణముల పీడనముగల ప్రాణవాయువులో ఎలుకలనుంచి, మోనాక్సైడు ప్రాణాంతకమగు పాలు చేర్చినను అవి బ్రదికియుండుట చూపెను. రాశి పెంచినచో బలహీనమైన పక్షము గూడ నెగ్గుననునది బెర్తొలే మాట. వైద్యులు చేయునదియు ఇదే. ఎక్కిన విషములో సగము దిగుటకు సామాన్యమైన గాలిలో నాలుగైదు గంటలు పట్టును. శుద్ధమైన ప్రాణవాయువు నిచ్చినచో గంట, గంటన్నరలో దిగును. కావున కుంపటి గదిలో తలనొప్పి, వికారము, మగత తోచినవారిని ముందు ఆరుబయటికి తేవలెను. పిమ్మట ఆలస్యము లేక ప్రాణవాయువు దొరకు ఆసుపత్రికి చేర్పవలెను.